పసుపు దిగిన గుడ్డ

అన్నయ్య కుడి పాదం మీద పుండు నాలుగు నెలలుగా మానడం లేదు. షుగరు మూలంగా ఆ కాలికి స్పర్శ పోయింది, స్పర్శతో పాటే నొప్పీ పోయింది. నొప్పి లేదు కదా అని అతను దర్జాగా కుట్టుమిషను తొక్కుకుంటూ కూర్చున్నాడు. దర్జీవాడికి చేతులెంతో కాళ్ళూ అంతేనని ఎవరైనా గుర్తు చేస్తే ముక్కు మీదికి కోపం వచ్చేది. చెల్లెలు ఒక్కతే ఆ కోపాన్ని లెక్కచేసేది కాదు.

ఆమె పనిచేసేది ఒక పరిశోధనశాలలో. పసుపు కొమ్ముల్లోంచి తీసిన మందుని జిగురులాంటి ద్రావణంలో కలిపి, సిరంజిలో పోసి, కరెంటుతో లాగుతారు. వెంట్రుకని వందల పాయలుగా చీలిస్తే ఒక్కో పాయ ఎంతుంటుందో అంత సన్నటి దారం వస్తుంది. అది తిరిగే డోలు మీద చుట్టుకుని పల్చటి పొరవుతుంది. పుండు మీద ఆ పొర పరిస్తే తడికి మందు కొంచెం కొంచెంగా దిగుతుంది. ఈ సంగతి విన్న రోజు నుంచీ అన్నయ్యకి చెల్లెలు సాలీడైపోయింది.

ఆసుపత్రిలో పన్నెండుమంది రోగుల మీద ఆ పొరని పరీక్షిస్తున్నారు. వాళ్ళకిచ్చే కార్డు రాసింది చెల్లెలే. 'పై గుడ్డకి పసుపుపచ్చ కనబడితే కంగారు పడకండి. మందు దిగుతోందని గుర్తు. వారం దాకా పొరని కదపకండి' అని ముచ్చటైన అక్షరాలతో రాసింది. ఎవరూ అనవసరంగా హడలిపోకూడదని ఆమె తాపత్రయం.

పరీక్షకి అన్నయ్యని తీసుకోలేదు. పుండు లోతుగా ఉందనీ, షుగరు అదుపులో లేదనీ అన్నారు. చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. తన చేతి మందు ఊళ్ళోవాళ్ళందరి కాళ్ళకీ పనికొస్తుంది గానీ తోడబుట్టినవాడి కాలికి పనికిరాదా? పొర అంచులు సరిగ్గా రావని కత్తిరించి పారేస్తారు. ఆ వారం ఆమె వాటిని పారెయ్యలేదు. సంచీలో పెట్టుకుని తిన్నగా అన్నయ్య ఇంటికి పోయింది.

"ఇది ఎవరికీ చెప్పకన్నయ్యా. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"నేనెవరికి చెప్తానే. బట్టలు కుట్టే నాకు నువ్వు కాలికి గుడ్డ కుడుతున్నావంటే నాకే సిగ్గు" అన్నాడు అన్నయ్య, కాలు చాపుతూ.

మూడో రోజు పై గుడ్డ మార్చడానికి వచ్చి చూస్తే నడుమ పసుపుపచ్చ మరక. చెల్లెలి మొహం విప్పారింది. "చూశావా, మందు దిగుతోంది" అంది. వదిన మాత్రం దగ్గరికి రాలేకపోయింది.

"ఏదో పుల్లటి వాసన వస్తోందే అమ్మాయ్."

"అది ద్రావణంలో కలిపే ఆసిడ్ వాసన వదినా. పొద్దస్తమానం నా చేతులకీ ఇదే" అని తేలిగ్గా తీసేసింది. నిజానికి ఆ ముక్కుకి ఆ వాసన తప్ప ఇంకోటి ఆనడం మానేసి చాలా కాలమైంది. లోపలి పొరని ఎత్తి చూడలేదు. కదపకూడదని తనే రాసింది మరి.

ఐదో రోజు మరక అరచేతంత అయింది. ఆమె ఇంకా సంబరపడింది. చదువుకున్నవాళ్ళ ధీమా ఇంతే, కళ్ళెదుట ఉన్నది కాక తాము రాసుకున్నది కనిపిస్తుంది.

ఆరో రోజు పొద్దున్నే అన్నయ్యకి చలిజ్వరం ముంచుకొచ్చింది. కాలు మోకాలి దాకా వాచింది. ఇంటి దగ్గరున్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి పెద్ద డాక్టరు పొరని పట్టకారుతో ఎత్తగానే కింద నుంచి చీము పొంగింది. వదిన గోడ పట్టుకుని నిలబడింది.

"ముందరి పాదం తీసెయ్యాలి. చీలమండైనా దక్కితే అదృష్టం. దీని మీద ఏం పెట్టారు?" అన్నాడు డాక్టరు.

"వంటింట్లో పసుపండీ. నేనే పెట్టుకున్నా" అన్నాడు అన్నయ్య, పళ్ళు టకటక కొట్టుకుంటూనే. చెల్లెలి వైపు చూడనైనా లేదు.

"బుద్ధుందా మీకు? పసుపూ పచ్చనే, చీమూ పచ్చనే. రెండూ కలిస్తే ఎవడు కనిపెడతాడు?"

చెల్లెలు నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, అన్నయ్య అబద్ధమూ నిలుస్తుంది. అతను తన పాదం పోతోందని విన్న మరుక్షణమే ఆమె కోసం అబద్ధమాడాడు. ఆ ఆలోచన వచ్చేసరికి ఆమెకి ఏడుపు ఆగలేదు. అంతలోనే కార్డు గుర్తొచ్చింది. పన్నెండు కార్డులు.

"అన్నయ్య మాట నిజం కాదండీ. అది మా ల్యాబులో చేసిన మందు. నేనే తెచ్చి వేశాను." కళ్ళు తుడుచుకుంది. "ఇదే పొర ఇంకా పన్నెండుమంది కాళ్ళ మీద ఉంది. పసుపు కనబడితే భయపడొద్దని నేనే రాసిచ్చాను."

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకా ఏం చూస్తున్నావే" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. "నా కాలెలాగూ పోయింది. వాళ్ళకి ఫోన్ చెయ్యి."

వారం వారం వాళ్ళని పలకరించేది ఆమే కాబట్టి నంబర్లన్నీ ఆమె ఫోనులోనే ఉన్నాయి. నడవలో నిలబడి మొదటి నంబరు నొక్కింది. ఒక పెద్దావిడ ఎత్తింది. ఎప్పుడూ మూలుగుతూ మాట్లాడే మనిషి, ఇవాళ గొంతు హుషారుగా ఉంది.

"నువ్వా తల్లీ? నేనే చేద్దామనుకుంటున్నా. నువ్వు చెప్పినట్టే గుడ్డంతా పచ్చగా వచ్చింది. మందు బాగా దిగుతోంది."