తలుపు పట్టుకున్న చెయ్యి

"ఇవాళంతా నీదే. ఇంత పెద్ద ఊరు, హాయిగా తిరిగిరా," అన్నారు మా ఆయన. అప్పటికి నేను హోటల్ గదిలో బల్ల మీద దుప్పటి మడతేసి, మీటింగుకు వేసుకెళ్లే ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. "అమ్మ పోయాక కూడా నువ్వు ఇల్లు కదల్లేదు. వచ్చే నెల పెద్దమ్మను తెచ్చుకుంటే మళ్లీ కుదరదు." తెచ్చుకోవడం ఎప్పుడు ఖాయమైందో నాకు తెలియదు. "వాళ్లబ్బాయి చూడలేనంటున్నాడు. నీకెలాగూ అలవాటైన పనే కదా. సాయంత్రంలోపు చెప్పు, టికెట్ తీసేస్తాను," అంటూ కాలర్ మాడుతోందేమోనని చూసుకున్నారు. అడిగారనే అనుకోవాలి మరి!

గడియారాలు బాగుచేసేవాళ్ల సందు, పాత పుస్తకాల దుకాణాలు, దారపు ఉండలు గుట్టలుగా పోసిన వీధి, అన్నీ తిరిగాను. వెనకనుంచి ఒకావిడ, "జరగండమ్మా, రోడ్డంతా మీదేనా?" అని విసుక్కుంటూ దాటిపోయింది. ఇంత నెమ్మదిగా ఎందుకు నడుస్తున్నానా అనుకుంటూ పేవ్‌మెంట్ దిగబోతుంటే నా నోటి వెంట మాట వచ్చేసింది. "మెట్టుంది, చూసుకోండి."

పక్కన ఎవరూ లేరు.

పక్షవాతం వచ్చినప్పటినుంచీ అత్తయ్య నా ఎడమచెయ్యి పట్టుకునే నడిచింది. పట్టుకోవడమా అది? గోళ్లు దిగేవి. నేను కాస్త త్వరగా అడుగేస్తే చాలు, "కొంపలేం మునిగిపోవు, మెల్లగా నడువు," అనేది. చూడ్డానికి వచ్చినవాళ్లు కోడలు బాగా చేస్తోందా అని అడిగితే, "చేస్తుంది. చెయ్యక ఏం చేస్తుంది?" అనేది. ఆ మాటకు ఆయన నవ్వేవారు. నేను టీ కప్పులు ఎత్తుకుని లోపలికి పోయేదాన్ని. ఒళ్లు మండిపోయేది. అయినా ఆవిడ పోయిన రోజు ఏడ్చాను, నిజంగానే ఏడ్చాను.

ఎండ ఎక్కువైందని ఒక చెప్పుల షాపులోకి వెళ్లాను. గుమ్మం దగ్గర గార్డు గాజు తలుపు తీశాడు. "ఎవరికమ్మా?" అంది సేల్స్ అమ్మాయి. నాకే అన్నాను. సైజు అడిగితే తడుముకోకుండా చెప్పేశాను. "ఆరు. వెడల్పుగా ఉండాలి, పాదం వాస్తుంది." ఆ అమ్మాయి తెచ్చి నా కాలికి తొడిగింది. చెప్పు లోపల పాదం అటూ ఇటూ జారింది. "మీకు నాలుగు చాలండీ. ఇవి మీ సైజే కాదు. చెయ్యి నొప్పా, అలా మడిచి పట్టుకున్నారు?"

ఎదురుగా అద్దంలో చూశాను. నా ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంగి, కొంచెం బయటికి నిలబడి ఉంది. ఎవరో దాని మీద బరువంతా వేసినట్టు భుజం కూడా ఆ పక్కకే వాలిపోయింది.

అత్తయ్యకు స్నానం చేయించేటప్పుడు ఆవిడ బాగున్న చెయ్యి కూడా అచ్చం ఇలాగే ఉండేది. దించండి, సబ్బు రాస్తానంటే దించేది కాదు. ఒకసారి మాత్రం అంది. "మా అత్త పోయి ఎన్నేళ్లయిందో. ఇది దించితే ఆవిడ పడిపోతుందేమోనని ఇంకా భయమేనే." పెద్దతనపు చాదస్తం అనుకుని నీళ్లు పోసేశాను. ఆ మాటతో ఆవిడ నాకేం చెబుతోందో ఒక్క క్షణమైనా ఆగి వినలేదు.

నాలుగో నంబరు చెప్పులు కొని, అవి వేసుకునే బయలుదేరాను. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావు? టికెట్ తీసేస్తున్నా, సరేనా?" అన్నారు ఆయన. "పెద్దమ్మ ఒక్కతే రాలేదు, నువ్వే వెళ్లి తీసుకురావాలి."

నేను గుమ్మం దాటి, ఎడమచేత్తో గాజు తలుపు పట్టుకుని నిలబడ్డాను. చల్లగాలంతా బయటికి పోతోంది. పొద్దుటినుంచీ ప్రతి షాపు గుమ్మంలోనూ ఇలాగే నిలబడ్డానని అప్పుడు తెలిసింది.

"ఇంకెవరైనా వస్తున్నారా అమ్మా?" అన్నాడు గార్డు.

"వినపడుతోందా? సరేనా?" అన్నారు ఫోన్లో.

మోచేతి మీద గోళ్లు ఇంకాస్త దిగాయి. మెల్లగా వేళ్లు విప్పి చెయ్యి కిందికి దించాను. ఎవరూ పడిపోలేదు.

"ఎవరూ రావడం లేదు," అన్నాను, ఇద్దరికీ వినపడేలా.