నీలికోటు గాలిలో ఆగిన చోటు

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ అంటారు కాబట్టి నేనూ ఒప్పుకుంటున్నాను. ఆ కోపంతోనే ఒక ఆదివారం పొద్దున మా వీధి లెక్కల మాస్టారిని గుమ్మంలో నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడాయన ఎదురైతే చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. ఆయన వయసుకు కాదు, ఆయన సినిమా పిచ్చికి.

నేను సినిమాలకు గ్రాఫిక్స్ చేసే కంపెనీలో పనిచేస్తాను. గ్రాఫిక్స్ అనగానే కొండలు పగలగొట్టడం, రాక్షసుల్ని పుట్టించడం అనుకుంటారు. నాది తుడిచే పని. హీరో ఎగిరేటప్పుడు అతని నడుముకు కట్టిన రోపు, దాన్ని లాగే మనుషులు, గోడ మీద పడిన వాళ్ల నీడలు, అన్నీ ఒక్కో ఫ్రేములో తుడిచి, అక్కడ ఏ గోడ ఉండాలో ఏ ఆకాశం ఉండాలో అతికిస్తాను. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. బాగా చేస్తే నేను చేసినట్టే ఎవరికీ తెలియదు. చెడగొడితేనే నాకు పేరొస్తుంది.

ఆ రోపు లాగే మనుషుల్లో మా బాబాయ్ ఒకడు. నాన్న పోయాక నన్ను పెంచింది, చదివించింది, వద్దు మొర్రో అంటున్నా కంప్యూటర్ కోర్సులో చేర్చింది బాబాయే. ముప్పై ఏళ్లు రోపు లాగాడు. జట్టులో ఎప్పుడూ ముందు నిలబడేవాడు, ఎందుకంటే పైనున్న మనిషి బరువు మొదట పడేది ముందున్నవాడి చేతుల మీదే. నా ఫీజులన్నీ ఆ చేతులే కట్టాయి. ఏడాది క్రితం బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పాడు. అప్పటినుంచి కుడిచెయ్యి భుజం దాటి లేవదు, పని మానేశాడు.

‘నీలికోటు’ సినిమా షాటు నా టేబుల్ మీదికి వచ్చింది ఆ తర్వాతే. హీరో మొదటిసారి డాబా మీది నుంచి పైకెగిరే షాటు. ఎడమ పక్క కింద, నల్ల బట్టల్లో ఆరుగురు రోపు పట్టుకుని ఉన్నారు. ముందున్న మనిషి ఎడమ మోకాలు కొద్దిగా వంచి నిలబడ్డ తీరు చూడగానే తెలిసింది, బాబాయే. ఏ షాటు ఎవరు చేశారో రెండేళ్లదాకా బయట నోరెత్తకూడదని కంపెనీ మా చేత సంతకం పెట్టించుకుంటుంది. అందుకని ఇంట్లో కూడా చెప్పలేదు. పొద్దున బాబాయ్ చేతికి కాఫీ ఇచ్చి, ఆఫీసుకెళ్లి బాబాయ్‌ని తుడిచేదాన్ని.

ఆ షాటులో నేను ఒక తప్పు చేశాను. పైకి లేస్తున్న మనిషి గాలిలో ఒకచోట కన్ను ఆర్పేంతసేపు ఆగుతాడు. ఆ కుదుపు తీసేసి నున్నగా చెయ్యమని మా సూపర్‌వైజర్ చెప్పాడు. చేశాను. ఏడో వెర్షన్‌లో రోపు లేదు, కుదుపు ఉంది. ఎనిమిదో దాంట్లో కుదుపూ లేదు. పంపే రోజు ఆ హడావుడిలో ఎనిమిదికి బదులు ఏడు పంపాను. ఎవరూ కనిపెట్టేలోపే సినిమా విడుదలైపోయింది. ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికి పంపిస్తామని నాకు కాగితం ఇచ్చారు.

సినిమా ఆడింది. అభిమానులకు ఆ కుదుపే దొరికింది. మా వీధి సెలూన్‌లో ఆదివారం వస్తే కత్తెర చప్పుడు కన్నా దాని గురించి గోలే ఎక్కువ. సెలూన్ ఆయన హీరోకి వీరాభిమాని.

“మొదటిసారి ఎగిరేవాడికి భయముండదా? ఆ ఆగడం చూడు! వీపుతో నటించాడయ్యా మావాడు, ఉత్త వీపుతో!” అనేవాడు.

లెక్కల మాస్టారు మాత్రం సూపర్‌హీరో సినిమా ఒక్కటీ వదలకుండా చూసి, చూసినదాన్నల్లా ఏకిపారేసే రకం. “వీపూ లేదు, మనిషీ లేడు. అదంతా కంప్యూటర్. దానికి ఎక్కిళ్లొచ్చాయి, అంతే” అనేవారు.

బాబాయ్ వారం వారం గడ్డం గీయించుకోడానికి అక్కడికే వెళ్తాడు. చెయ్యి లేవదు కదా. ఒక ఆదివారం మొహం నిండా నురగతో కూర్చుని ఈ గోల విని, ఉండబట్టలేక, “మనిషేనండీ. మేం ఆరుగురం లాగాం” అన్నాడట. అప్పటిదాకా కొట్టుకుంటున్న రెండు పార్టీలూ ఒక్కటైపోయాయి. మా బాబాయ్‌ని చూసి పగలబడి నవ్వాయి.

“మీరు లాగితే మరి తెరమీద కనపడలేదే?” అన్నారు మాస్టారు.

“తుడిచేస్తారండీ.”

“ఎవరు?”

“ఉంటారు, పిల్లలు. కంప్యూటర్ల దగ్గర.”

“మరి కంప్యూటరనే కదా నేనూ మొత్తుకుంటున్నది!” అన్నారు మాస్టారు. మళ్లీ నవ్వులు.

ఆ రోజే బాబాయ్‌కి ‘కోతల బాబాయ్’ అని పేరు పడింది. మరుసటి ఆదివారం లోపల అడుగు పెట్టగానే బల్ల మీద కూర్చున్న ఇద్దరు లేచి గాలిలో తాడు లాగుతున్నట్టు నటించారు. ఇంకో ఇద్దరు “లాగండి లాగండి” అన్నారు. బాబాయ్ వెనక్కి తిరిగి వచ్చేశాడు. ఇవన్నీ తర్వాత సెలూన్ ఆయన్ని నిలదీస్తే తెలిశాయి. ఇంట్లో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. గడ్డం పెరిగింది. పాలకి కూడా ఆ సెలూన్ వైపు కాకుండా చుట్టు తిరిగి వెళ్లసాగాడు. ముప్పై ఏళ్లు చేసిన పనిని ఒక్క నవ్వుతో అబద్ధం చేసేస్తే మనిషిలో ఏం మిగులుతుంది? అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు.

నేను ఒక్క మాట అంటే చాలు. ‘మా బాబాయ్ చెప్పింది నిజం, తుడిచింది నేను’ అంటే సరిపోతుంది. అనలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నన్ను మనిషిని చేసినవాడు అబద్ధాలకోరు అనిపించుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను, ఊరికే ఇంట్లో గిన్నెల మీద కోపం చూపించాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇలా నెల గడిచింది. అప్పుడు, ఆ ఆదివారం పొద్దున, మాస్టారు మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చేతిలో మడత పెట్టిన పరీక్ష కాగితం ఒకటి ఉంది. ఒంటికాలి మీద లేచాను.

“ఇంకా ఏం మిగిలిందని వచ్చారు? నలుగురిలో నవ్వింది చాలక ఇంటిమీదికి కూడా వచ్చారా? పిల్లలకి పాఠాలు చెప్పే నోటితో మాట్లాడాల్సిన మాటలేనా అవి?”

మాస్టారు అడ్డు చెప్పలేదు. నేను ఆయాసపడి ఆగేదాకా నిలబడి విన్నారు.

“తిట్టమ్మా, తిట్టాల్సిందే. కానీ ముందు బాబాయ్‌ని పిలువు, సెలూన్‌కి రమ్మను. నా లెక్క తప్పిందేమోనని అనుమానంగా ఉంది. అనుమానంతో నాకు నిద్ర పట్టదు” అన్నారు.

“నాకు అక్కడేం పని లేదు మాస్టారూ” అన్నాడు బాబాయ్ లోపలినుంచే.

“ఉంది. నేను నలుగురిలో అన్నాను, నలుగురిలోనే అడగాలి.”

“నేనూ వస్తాను, పద” అన్నాను. అప్పుడు చొక్కా వేసుకున్నాడు.

సెలూన్‌లో నన్ను చూసి బల్ల మీదివాళ్లు కాళ్లు కిందికి దించుకున్నారు. మాస్టారు ఆ కాగితాన్ని సెలూన్ ఆయన చేతిలో పెట్టి, చెప్పేదాకా విప్పొద్దన్నారు. బాబాయ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డారు, నోటిలెక్కలు అడిగేటప్పుడు నిలబడేట్టు.

“ఎన్ని లాగుళ్లలో లేపారు?”

“మూడు” అన్నాడు బాబాయ్.

“మూడూ ఒకేలాగా?”

బాబాయ్ నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో అప్పుడు నాకర్థం కాలేదు.

“మొదటి రెండూ ఒకేలా. మూడోది ఆలస్యమైంది.”

“ఈ మధ్యలో పైనున్న మనిషి ఏమయ్యాడు?”

“కొంచెం జారాడు. జానెడంత కూడా లేదు, బెత్తెడు.”

మాస్టారు తలూపారు. సెలూన్ ఆయన కాగితం విప్పి గట్టిగా చదివాడు. “మొదటి లాగుడు పదిహేను ఫ్రేములు. రెండోది పదిహేను. తర్వాత తొమ్మిది ఫ్రేములు లేవడం లేదు. ఆ తొమ్మిదిలో మనిషి సుమారు బెత్తెడు కిందికి. మూడోది ఇరవై రెండు ఫ్రేములు.” చదవడం అయ్యేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది.

“కంప్యూటరని రుజువు చేద్దామని కూర్చున్నానయ్యా నేను” అన్నారు మాస్టారు అందరివైపూ తిరిగి. “నెలరోజులు ఆ రెండున్నర సెకన్లే ఫోన్లో ఒక్కో ఫ్రేమూ ఆపి ఆపి చూశాను. వాడు జారాడు. జారినవాణ్ణి ఎవరో పట్టుకున్నారు. లెక్క ఎటు తిప్పినా అక్కడ కింద మనిషి ఉండాల్సిందే. మనిషే లేడన్నది నేను. తప్పు నాది.” అని బాబాయ్ ముందు చేతులు జోడించారు.

పనీపాటా లేక సినిమాల గురించి కొట్టుకు ఛస్తారని నేను వీళ్లని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! కంపెనీలో ఆ షాటును ఇరవైమంది చూశాం. ఎవరమూ అందులో తప్పు తప్ప ఇంకేమీ చూడలేదు. ఆ తొమ్మిది ఫ్రేముల్లో ఒక మనిషి ఉన్నాడని నెలరోజులు కళ్లు పొడుచుకుని వెతికింది ఈ పిచ్చి మాస్టారు ఒక్కరే. అప్పటికప్పుడు ఆయన కాళ్లమీద పడాలనిపించింది.

“మరి ఆ తొమ్మిది ఫ్రేముల్లో ఏం జరిగింది బాబాయ్?” అని అడిగాడు సెలూన్ ఆయన. ‘కోతల’ అన్న మాట పోయింది.

బాబాయ్ మళ్లీ నన్ను చూశాడు, ఈసారి దొంగతనం దొరికినట్టు.

“భుజం పోయింది” అన్నాడు.



“రెండో లాగుడుకి లోపల పుటుక్కున తెగినట్టయింది. చెయ్యి ఎగిరిపోయింది. ఎడమచేత్తో పట్టి, రోపుని పొట్టకి అదిమిపెట్టా. మళ్లీ కుడిచెయ్యి వేసి లాగా.”

“వదిలెయ్యొచ్చుగా? వెనక ఐదుగురున్నారుగా!” అన్నాను. అది నా గొంతేనా అనిపించింది.

“ముందున్నవాడు వదిలితే వెనకాళ్లకి తెలిసేలోపు పైనోడు నేలమీదుంటాడు తల్లీ. హీరో కాదుగా పైన ఉంది, డూపు. పెళ్లై నెల కూడా కాలేదు వాడికి. రెడీనా అంటే ‘ముందు నువ్వున్నావుగా బాబాయ్, రెడీనే’ అన్నాడు. అలా అన్నవాణ్ణి వదులుతామా?”

“బాత్‌రూమ్‌లో జారానన్నావు!”

“ఇదుగో, ఇలా అరుస్తావనే.”

నాకు అప్పుడు గుర్తొచ్చాయి ఆ తొమ్మిది ఫ్రేములు. నల్ల చొక్కా చెయ్యి ఒక్కసారిగా ఎగిరి, వెనకున్న ఇటుక గోడకి అడ్డంగా వచ్చింది. ఆ ఇటుకలన్నీ కొత్తగా గీసి అతికించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ‘ఈ బాబాయ్ కాస్త కుదురుగా నిలబడి ఉంటే ఏం పోయింది’ అని విసుక్కున్నాను కూడా. ఆయన భుజం తెగుతోంది, నేను ఇటుకలు చూసుకుంటున్నాను.

ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. గట్టిగా అనుకునేంత టైము కూడా తీసుకోలేదు.

“తుడిచింది నేనే” అన్నాను. “ఆ షాటు నాదే. ఆ ఆరుగుర్నీ తుడిచింది నేను. కుదుపు తియ్యమన్నారు, తీసిన వెర్షన్ పంపబోయి తియ్యనిది పంపాను. మా బాబాయ్ ముందు నిలబడి లాగడం ఈ కళ్లతో చూశాను. నెలరోజులనుంచి ఉద్యోగానికి భయపడి నోరు మూసుకున్నాను.” తర్వాత బాబాయ్ వైపు తిరిగాను. “నిన్ను నేనే తుడిచాను బాబాయ్” అన్నాను.

“నువ్వా?” అన్నాడు. కుర్చీలోంచి సగం లేచాడు.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండుననుకున్నాను.

“ఆ సినిమాకి మూడుసార్లు వెళ్లానే నేను” అన్నాడు. “నా చెయ్యయినా కనపడుతుందేమోనని ఆ సీను రాగానే ముందుకి వంగి చూసేవాణ్ణి. గోరు కూడా దొరకలేదు. ఎవరో మంచి పనిమంతులే, ఏ తల్లి కన్న బిడ్డో అనుకున్నా.”

మొహం విప్పారిపోయింది. నెలరోజుల తర్వాత ఆ మొహంలో వెలుగు చూసి నాకు ఏడుపు ఆగలేదు. బాబాయ్ మాత్రం నన్ను ఓదార్చే ఆలోచనలో లేడు. ఎడమచేత్తో నా భుజం పట్టుకుని, మాస్టారి వైపు, సెలూన్ ఆయన వైపు, బల్ల మీద కూర్చున్న వాళ్ల వైపు ఒక్కొక్కరి వైపూ నన్ను తిప్పాడు.

“మా అమ్మాయి” అన్నాడు. ఎవరూ అడగకపోయినా మళ్లీ అన్నాడు.