ఎనిమిదో ట్రాక్

మా ఆయన దేవసహాయానికి కీబోర్డు మీద పది వేళ్లూ ఆడతాయి కానీ రికార్డరు మీద ఒక్క వేలూ ఆడదు. నంద్యాలలో బట్టల షాపు మిద్దె మీద స్టూడియో తెరిచిన నాడు తెచ్చిన ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డరు అది. లోపల టేపన్నదే లేకపోయినా ఆయన దాన్ని ‘టేపు’ అనే అంటాడు. దాంతోపాటు వచ్చిన పుస్తకం చదివి సెట్టింగులన్నీ నేర్చుకున్నది నేను. వారమంతా ఆళ్లగడ్డలో పిల్లలకు లెక్కలు చెప్పడం, శనివారం బస్సెక్కి వచ్చి ఎవరి గొంతు ఎంత పెద్దగా వినబడాలో ఆ లెవెలు పెట్టి చూడడం. పదకొండేళ్లుగా ఇదే పని. పాట కింద మాత్రం ఆయన పేరొక్కటే పడుతుంది. మొగుడూ పెళ్లాల మధ్య పేర్లేమిటిలే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

ఆ రికార్డరులో ఒక్కో ట్రాకూ ఒక్కో చప్పుడును విడిగా పట్టి ఉంచుతుంది. మా స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. వాయిద్యాలకు మొదటి ఆరు ట్రాకులు. ఏడోది అసలు గొంతుకు. ఎనిమిదోది ట్రాక్ పాడేవాళ్లకు. ట్రాక్ పాడడమంటే, అసలు గాయని విని నేర్చుకోవడానికి ముందుగా ఇంకెవరో పాడి పెట్టడం. పనైపోయాక దాన్ని చెరిపేస్తాం. చెరిగిపోయేదానికి సింగారమెందుకని లెవెలు తక్కువగా పెడతాం, గొంతు మారుమోగేలా ఎకో కలపం.

పోయిన ఏడాది నేనొక పాట కట్టాను. బడి నుంచి ఇంటికి నడిచొచ్చే దారిలో, రోజుకో మాట చేర్చుకుంటూ, నాలుగు నెలలు పట్టింది. మిరపచేలో కాయలు కోసే ఆడవాళ్లు ప్రభువును తమతో సాలుకు రమ్మని పిలిచే పాట. మా ఆయన విని కళ్లు తుడుచుకున్నాడు.

“ఇది నువ్వే పాడల్ల హన్నమ్మా. ఇంకొకరి గొంతుతో దీన్ని బయటికి పంపను” అన్నాడు.

బైబిలు ముట్టుకుని చెప్పమని నేను అడగలేదు. ఆయన చెప్పడమే చాలనుకున్నాను.

రికార్డింగు రోజు ఏడో ట్రాకుకు మైకు కలపబోతుంటే ఆపాడు.

“ఎనిమిదికి పెట్టు.”

“ఏందప్పా, ఏడు ఖాళీగానే ఉంది గదా?”

“అది కోరస్‌కు కావల్ల. ఏ ట్రాకైతే ఏముంది, గొంతు గొంతే గదా.”

“లెవెలన్నా పెంచేదా?”

“వద్దులే. ఎకో గూడా వద్దు. అన్నీ కడాకు కలుపుకుందాం.”

నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. పరాయివాడైతే నిలదీసేదాన్ని. మొగుడు కదా, నోరు మూసుకుని ఎనిమిదో మీట నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. పల్లవిలో పైస్థాయికి పోయేచోట కళ్లు మూసుకుని, ప్రాణం పెట్టి పాడాను. ఒక్క టేకులో అయిపోయింది.

నెల దాటింది. ఎప్పుడడిగినా ‘మిక్సింగు జరుగుతాంది’ అనేవాడు. నా పాట వస్తోందని బళ్లో టీచర్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

మొన్న శనివారం స్టూడియోకు వెళ్లేసరికి ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు దీపిక. యూట్యూబులో ఆమె పాటలు వేలమంది వింటారు. నన్ను చూడగానే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

“అక్కా, ట్రాక్ పాడింది మీరేనంట గదా! అన్న నెల కిందటే ఫోన్‌కు పంపిచ్చినాడు. మీ గొంతు వినే పాటంతా నేర్చుకున్నా.”

నెల కిందట. అంటే నేను పాడిన వారంలోనే.

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆమెకేం తెలుసు పాపం! మా ఆయన వైపు చూశాను. చుట్టిన వైరునే మళ్లీ చుడుతున్నాడు. చెయ్యి పట్టుకుని అవతలి గదిలోకి లాక్కుపోయాను.

“ఏమప్పా, కోరస్ అంటే ఈ పిల్లేనా?”

“పెద్ద చానలమ్మే ఆమెది. ఆమె పాడితే నలుగురూ వింటారు. నీకు సంతోషం గాదా?”

“ముందే చెప్పింటే ఏం పోయ్యేది?”

“చెప్పింటే నువ్వు అట్లా పాడేదానివా?”

నిజమే, చెప్పి ఉంటే ట్రాక్ పాడినట్టు చప్పగా పాడి వదిలేసేదాన్ని. నా చేత అంత బాగా పాడించుకోవడానికే అబద్ధమాడాడు. ఒళ్లు భగ్గుమంది.

అయినా వచ్చిన పిల్ల ముందు రచ్చ చేయలేక ఏడో ట్రాకు లెవెలు సరిచేసి కూర్చున్నాను. దీపిక తీయగానే పాడింది. పల్లవిలో పైస్థాయి దగ్గర మాత్రం మూడుసార్లూ జారిపోయింది. వేడినీళ్లు తాగొస్తానని కిందికి దిగింది. మా ఆయన నా పక్కకు జరిగి గొంతు తగ్గించాడు.

“మే, ఆ పైస్థాయి కాడ మటుకు నీ గొంతుంచుదాం. ఆమె గొంతు కింద కలిపేస్తే ఎవురికీ తెలీదు. ఎనిమిదికి రోంత ఎకో పెట్టు.”

చెప్పి, ఆమెకు టీ తేవడానికి తానూ మెట్లు దిగాడు.

నా పాట ఇచ్చేశాడు. ఇప్పుడు నా గొంతును ఇంకొకరి పేరు కింద దాచేస్తున్నాడు. ఆ దాచేది కూడా నేనే నా చేతులతో చేయాలట!

మైకు వైరు పీకేశాను. నా గొంతు మీద ఉత్త నిశ్శబ్దమే ఎక్కేలా ఎనిమిదో ట్రాకును రికార్డులో పెట్టి పాట మొదటి నుంచి నొక్కాను. నాలుగు నిమిషాలూ కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి నొక్కాను. సగంలో ఉండగా ఆయన వచ్చి ఆ ఎర్ర లైటు చూశాడు.

“ఏం చేస్తాండావే!”

ఉరికొచ్చి ఆపాడు. చెరిపింది వెనక్కి తెచ్చే మీట ఎక్కడుందో అడిగాడు. చూపించాను. నొక్కాడు. ఆ మెషీను చివరిసారి చెరిపినదాన్ని మాత్రమే వెనక్కి తెస్తుంది. నేను రెండుసార్లు చెరిపాను. స్పీకర్లలో నా గొంతు చప్పుడే లేదు. దీపిక ఫోన్లోది వాయిద్యాలతో కలిసిపోయిన కాపీ, విడదీయడం మా మెషీనుకు చేతకాదు.

నేను సంచీ తీసుకుని బస్టాండుకు వచ్చేశాను.

బస్సు శిరివెళ్ల దాటాక ఫోన్ మోగింది. ఆయనే. తప్పయిందంటాడేమోనని, సిగ్గులేనిదాన్ని, గబగబా ఎత్తాను.

“మే, ఆ పిల్లకు అందేటట్టు పాట స్థాయి కిందికి దించల్ల. ఆ సెట్టింగు యాడుంది?” అన్నాడు.