పాపిట

ఉల్లిపాయలు కోరి పలచటి గుడ్డలో వేసి పిండుతుంటే ఆమె కళ్లవెంట ధారగా నీళ్లు కారుతున్నాయి. హాల్లోంచి అత్తగారు, "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు. బాగా పిండమ్మా, పిప్పిలోనే సగం రసం పోతోంది," అంది. మేలు ఉల్లిది. పిండే చేతుల సంగతి ఏ సామెతలోనూ లేదు.

భర్తకు నడినెత్తి పలచబడిన దగ్గర్నుంచీ ఆ ఇంటికి తెల్లవారేది ఇలాగే. మందులంటే అతనికి హడలు. అందుకని మందులు కానివన్నీ ఇంటికొచ్చాయి. నెత్తికి ఉల్లిరసం, ఎర్రలైటు వెలిగే దువ్వెన, సన్నటి సూదులున్న రోలరు, ఆ పైన తల మర్దన. ఫలం అతని తలకి, పని ఆమె చేతులకి. అతను స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకుంటుంటే ఆమె వెనక నిలబడి వేళ్ల కొసలతో నెత్తంతా మర్దన చేసేది. "పెళ్లికి ముందు మావాడిది ఎంత ఒత్తు జుట్టో!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది అత్తగారు. ఆ 'పెళ్లికి ముందు' అన్నచోట మాత్రం గొంతు కాస్త పెంచేది.

రెండో కాన్పయ్యాక ఆమె జుట్టు కూడా రాలసాగింది. పాపిట రోజురోజుకీ వెడల్పవుతోంది. "బాత్రూం తూముకి మళ్లీ నీ జుట్టు అడ్డం పడింది, తీసెయ్," అన్నాడు భర్త. అతనిది రాలితే బెంగ, ఆమెది రాలితే చెత్త.

ఆమె పనిచేసేది కళ్లద్దాల దుకాణంలో, కౌంటరు దగ్గర. ఒకరోజు యజమాని పిలిచి, "ఏమీ అనుకోకమ్మా. వచ్చినవాళ్లు ముందు నిన్నే చూస్తారు. కొన్నాళ్లు వెనకగదిలో కూర్చుని ఫ్రేములు బిగించు," అన్నాడు, ఆమె పాపిట వైపు చూస్తూ. గల్లాపెట్టె పైన లైటు కింద ఆయన బట్టతల నున్నగా మెరుస్తోంది. అది ఏ బేరానికీ అడ్డు రాలేదు మరి.

ఆ మధ్యాహ్నమే ఆమె అన్నం మానేసి డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ ఆమె జుట్టు పాయలు పాయలుగా తీసి చూసింది.

"భయపడకండి. కాన్పు తర్వాత చాలామందికి రాలుతుంది, చాలామందికి మళ్లీ వస్తుంది కూడా. రక్తపరీక్ష చేయించుకోండి. వేళకి తినండి, నిద్రపోండి. మర్దన కొందరికి పనిచేస్తుంది, కచ్చితంగా చెప్పలేను గానీ హాయిగా మాత్రం ఉంటుంది. ఇంట్లో మీకు చేసేవాళ్లెవరున్నారు?"

ఆమె ఇంట్లోవాళ్లని ఒక్కొక్కరినే తలుచుకుంది. తన తలమీద చెయ్యేసిన మనిషి ఒక్కరూ తట్టలేదు. "చూస్తానండీ," అని లేచొచ్చేసింది.

సాయంత్రం సిగ్గు విడిచి భర్తనే అడిగింది. అతను నవ్వి, టీవీ మీంచి చూపు తిప్పకుండానే ఆమె జుట్టులో వేళ్లు పెట్టాడు. ఒక ప్రకటన అయ్యేలోపే, "అబ్బ, వేళ్లు పీకేస్తున్నాయి! రోజూ ఎలా చేస్తావే నువ్వు?" అన్నాడు. జవాబు చెబుదామని ఆమె వెనక్కి తిరిగేసరికి టీవీ సౌండు పెంచేశాడు. పక్కనుంచి అత్తగారు, "మగాడి చేత తల పట్టించుకోవడమేంటమ్మా, ఎవరైనా చూస్తే నవ్విపోతారు," అంది.

మర్నాడు పొద్దున అతను ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని, "రా, టైమవుతోంది," అన్నాడు.

ఆమె రాలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని జడ విప్పుకుంది. కళ్లు మూసుకుని, తన వేళ్లు తన తలలోకి పోనిచ్చింది. ఎవరికీ తొందర లేనట్టు మెల్లగా రుద్దుకోసాగింది. అలవాటైన పనే, కానీ కింద ఉన్న తల కొత్తగా ఉంది.

అతను స్టూలు మీద నుంచి లేచి, నిజంగానే అర్థంకానివాడిలా అడిగాడు.

"మరి నాకెవరు చేస్తారు?"

"నిన్న డాక్టరుగారు నన్నూ అదే అడిగారండీ," అంది ఆమె కళ్లు తెరవకుండానే. "మనింట్లో ఎవరూ గుర్తుకు రాలేదు."