చోలెంట్ మాడిన షబ్బత్

ఎల్కనా రాసే వారం వారం కాగితం చదవని ఇల్లు యెరూషలేములో మా వీధిలో లేదు. ప్రతి షబ్బత్‌కీ, అంటే పనులన్నీ మానే మా యూదుల శనివారానికి, మా ధర్మగ్రంథం తోరాలో ఆ వారం చదవాల్సిన భాగం తీసుకుని, అందులోంచి బతుక్కి పనికొచ్చే నీతి పిండి, రెండు పేజీల్లో అచ్చు వేయించి ప్రార్థన మందిరం గుమ్మంలో పెట్టిస్తాడు. మొగవాళ్లు ప్రార్థన మధ్యలో ప్రార్థన మానేసి దాన్నే చదువుకుంటారు. మేడ మీద జాలీ వెనక కూర్చునే ఆడవాళ్లమూ చదువుతాం. మా ఫ్రిజ్ మీద కూడా ఒకటి అంటించి ఉంది. అబద్ధమెందుకు, మనిషి బాగా రాస్తాడు.

అంత బాగా రాసే మనిషి పెళ్లానికి విడాకులివ్వడు. ఎఫ్రాత్ అతని ఇల్లు వదిలి పుట్టింటికొచ్చి ఏళ్లు గడిచాయి. మా ధర్మంలో మొగుడు తన చేత్తో విడాకుల పత్రం భార్య చేతిలో పెడితేనే ఆమెకి విడుదల. ఇమ్మని ధర్మపీఠం ఎప్పుడో చెప్పింది. ఎల్కనా ఆలోచిస్తున్నానన్నాడు. ఆలోచనాపరుడు కదా! ఈలోగా ఎఫ్రాత్ మళ్లీ పెళ్లి చేసుకోవడానికి లేదు, బిడ్డని కనే వయసు చూస్తూండగానే దాటిపోతోంది.

ఆ వారం భాగం, చివరికి సముద్రంలో మునిగి చచ్చిన ఐగుప్తు రాజు ఫరో, గుండె రాయి చేసుకుని, బానిసలైన ఇశ్రాయేలీయుల్ని వదలనంటూ మొండికేసే ఘట్టం. ఎల్కనా కాగితం ఇలా ముగిసింది: "ఇంకొకరి స్వేచ్ఛని గుప్పిట్లో పట్టుకున్నవాడు ముందు తన చేతినే ఖైదు చేసుకుంటాడు." కింద మొగవాళ్లు చదివి తలలూపారు. నా పక్కన కూర్చున్న ఎఫ్రాత్ ఒకటికి రెండుసార్లు చదివింది. కాగితం మడిచి నా ఒళ్లో పెట్టి లేచింది.

"ఎక్కడికే?" అన్నాను.

"కిందికి, పెసియా అత్తా."

తోరా చుట్టని భద్రపరిచే మందసం తలుపులు తెరిచి, దాన్ని బయటికి తీయబోతుండగా ఎఫ్రాత్ మొగవాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లి, చదివే బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"నా న్యాయం తేలేదాకా ఇవాళ తోరా చదవడానికి వీల్లేదు."

మందిరమంతా గగ్గోలయింది.

"ఆడది మొగవాళ్లలోకి రావడమేంటి?"

"రబ్బీ గారూ, చూస్తారేం, పంపించెయ్యండి!"

మా మతగురువు రబ్బీ మెషులామ్ గారికి ఆమెని పంపించే వీల్లేదు. అన్యాయం జరిగినవాళ్లు చదువు ఆపి నలుగురి ముందూ మొరపెట్టుకోవచ్చన్నది మా తాతల నాటి ఆచారం. మన ధర్మం ఎంత గొప్పదో చూడండంటూ కిందటేడు దాని గురించి ఊదరగొట్టింది ఆయనే.

"ఆచారం ఉన్నమాట నిజమేనమ్మా," అన్నారు రబ్బీ గారు. "కానీ ఎవరూ వాడరు."

"వాడకపోతే దేనికండీ, గోడకి తగిలించుకోడానికా?"

ఎల్కనా లేచాడు. గొంతు నిండా తేనె. "ఎఫ్రాత్, ఇంటి గుట్టు ఇలా రచ్చకెక్కిస్తావా? నేనేమైనా ఇవ్వనన్నానా? నా మనసు సిద్ధపడాలి కదా."

"ఫరో మనసు కూడా సిద్ధపడలేదండీ. ఇందాకే చదివాను, మీరే రాశారు."

పైన మేం కిసుక్కున నవ్వాం. కింద ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషులు ఒక్కొక్కళ్లే వచ్చి ఎఫ్రాత్‌కి బుద్ధులు చెప్పారు. తోరాకి అవమానం తల్లీ అని ఒకరు, ఓర్పే ఆడదానికి అలంకారమని ఇంకొకరు. ఎల్కనా దగ్గరికి మాత్రం ఒక్కడూ వెళ్లలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎఫ్రాత్ బల్ల మీంచి చెయ్యి తీయలేదు.

చివరికి న్యాయం వైపు నిలబడింది చోలెంట్. మనవరాలు పుట్టిందని బెర్కో ఆ రోజు అందరికీ విందు పెడుతున్నాడు. మాంసం, చిక్కుళ్లు, బార్లీ కలిపిన చోలెంట్ ముందురోజు సాయంత్రం నుంచీ కింది హాల్లో వేడి పలక మీద ఉడుకుతోంది. తోరా చదవడం అయితే గాని విందు మొదలవదు. షబ్బత్‌నాడు వేడి తగ్గించకూడదు, చన్నీళ్లు పోయకూడదు. దించితే చల్లారిపోతుంది, చల్లారింది మళ్లీ వేడి చెయ్యకూడదు. మొదట కమ్మటి వాసన వచ్చింది. కాసేపటికి అడుగంటిన వాసన వచ్చింది.

బెర్కో ముక్కు ఎగబీల్చాడు. "ఒరే, మాడిపోతోందిరా! ఎల్కనా, ఇచ్చెయ్యవయ్యా బాబూ! ఆవిణ్ణి పట్టుకుని ఏం చేసుకుంటావ్?"

"ధర్మపీఠం చెప్పాక కూడా ఇంకా నానుస్తావేమయ్యా?" అన్నాడు ఇందాక ఓర్పే అలంకారమన్న పెద్దమనిషి.

"సిగ్గుండాలి మనిషికి!" అన్నారు వెనకనుంచి.

ఆకలి రుచి ఎరుగదంటారు గానీ, ఆ పూట మావాళ్లకి న్యాయం రుచి చూపించింది ఆకలే. అందరూ ఎల్కనా చుట్టూ మూగారు. తెరిచి ఉన్న మందసం ముందు, ఆదివారం పొద్దున్నే ఇచ్చేస్తానని అతను మాటిచ్చాడు. షబ్బత్‌నాడు రాసుకోకూడదు గనక రబ్బీ గారు ఆ మాట మళ్లీ మళ్లీ గట్టిగా చెప్పించారు. ఆదివారం ధర్మపీఠం ముందు ఆ పత్రం ఎఫ్రాత్ చేతుల్లో పడింది. బయటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాతి షబ్బత్‌కి ఎల్కనా కాగితం వచ్చింది. పేరు "వదిలిపెట్టే గొప్ప మనసు". ఆ వారం భాగం మొదలయ్యేదే 'ఫరో ప్రజల్ని పంపినప్పుడు' అని. మొగవాళ్లు వరసగా వెళ్లి అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఒకరిద్దరు కళ్లు కూడా తుడుచుకున్నారు. నాలుగు మాటలు చెప్పమని రబ్బీ గారే పిలిచారు.

"చూడండి," అన్నాడు ఎల్కనా గుండె మీద చెయ్యి వేసుకుని. "బయల్దేరినవాళ్ల పేరు ముందు చెప్పలేదు తోరా. పంపినవాడి పేరు చెప్పింది. వదిలిపెట్టడమంటే అంత గొప్ప! ఈ ఒక్క వాక్యం చాలు మన జీవితానికి."

కింద ఆహా అన్నారు. జాలీ దగ్గర్నుంచి ఎఫ్రాత్ మాట్లాడింది, ఏమాత్రం తొందర లేకుండా.

"అక్కడే ఆగిపోయారేంటండీ? ఇంకొంచెం చదవండి. వదిలినందుకు ఏడ్చి, రథాలేసుకుని వెంటపడతాడు. ఆ తర్వాత సముద్రం వస్తుంది."