దిబ్బ నడుము కొలిచిన తాడు

నది మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఒక పక్కకు ఊడ్చి ఊడ్చి పోసిన దిబ్బ అది. మూడు మైళ్ళ పొడవున నీళ్ళలోకి చాచుకుని ఉంటుంది గనక అందరూ దాన్ని నాలుక అనేవాళ్ళు. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు కదా, ఇదీ అంతే. ఒక తరం వాళ్ళు దాని కొసను దక్షిణానికి తిరిగి ఉండగా చూశారు, తరవాతి తరం తూర్పుకు చూసింది. నేలను కలిసే చోటికి కాస్త ఇవతల అది బాగా సన్నబడుతుంది. ఆ చోటును నడుము అంటారు. నాలుకకు నడుమేమిటని అడక్కండి, ఆ పేరు పెట్టినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

నెలకోసారి, పెద్ద పోటు వచ్చిన రోజున, ఆ నడుమును తాడుతో కొలవడం కొలతల మామ ఉద్యోగం. అటు సముద్రపు నీటి అంచు నుంచి ఇటు ఏటి నీటి అంచు దాకా తాడుకు బారకొకటి చొప్పున కట్టిన గుడ్డముడులు లెక్కపెట్టి, ఎన్ని బారలుందో చూసి రిజిస్టరులో రాయాలి. యాభై బారలకు తగ్గిందంటే దిబ్బ మీద మనుషులెవరూ కాపురం ఉండకూడదని రేవు కంపెనీ నియమం. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆయన అదే పని చేస్తున్నాడు. ఈమధ్య దానికి తోడు, నీళ్ళు తోడే పంపు మోటారుకు నూనె పోసి తుడవడం కూడా ఆయన నెత్తినే పడింది.

దిబ్బ చరిత్ర ఆయన పుస్తకాల్లో చదవలేదు, గునపంతో తవ్వి చూశాడు. కొలత గుంజ పాతడానికి గొయ్యి తీస్తే పైన జానెడు బొగ్గు పొడి వచ్చేది, ఓడలకు బొగ్గు ఎత్తిన రోజులది. దాని కింద కొలిమి చిట్టెం, ఇనుప కార్ఖానా వాళ్ళు బళ్ళతో తెచ్చి గుమ్మరించింది. ఇంకా తవ్వితే ఇటుక ముక్కలూ చేప ఎముకలూ, ఎప్పుడో చేపనూనె తీసినవాళ్ళవి. ఆ కింద గుల్లలు. వాటి అడుగున తెల్లటి ఇసుక, ఎవరిదీ కానిది. చిట్టెం కుప్పల మీద ఇప్పుడు సముద్రపు పిట్టలు గుడ్లు పెడుతున్నాయి. గులకరాళ్ళనుకున్నాయో ఏమో పాపం, మనిషి పారబోసిన చెత్తలోనే పిల్లల్ని లేపుతున్నాయి.

ఒకప్పుడు దిబ్బ మీద ఒకే వరసలో నలభై ఇళ్ళుండేవి. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగో ఇంట్లో "చిరంజీవ" అనేవాళ్ళు. ఓడలు పెద్దవై లోతు నీళ్ళు వెతుక్కుంటూ వేరే రేవుకు పోయాక, మనుషులూ వాటి వెంటే పోయారు. ఆ మరుసటేడు మామ భార్య పోయింది. గుండెజబ్బు అన్నాడు డాక్టరు. ఆ నిశ్శబ్దం పడకే పోయిందంటాడు మామ. అప్పటినుంచి ఆరేళ్ళుగా ఒంటికాయ శొంఠికొమ్ములా ఆయనొక్కడే ఉంటున్నాడు. వారానికోసారి ట్రాక్టరు మీద సామాను తెచ్చే డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని వచ్చి, తీయకుండానే వెళ్ళిపోతాడు. ఒక్కోసారి మామ తన గొంతు ఉందో లేదో చూసుకోవడానికి పంపు మోటారును నాలుగు తిట్టేవాడు. మోటారు మంచిది, పడేది.

అలాంటి మనిషి దగ్గరికి ఒక పొద్దున కంపెనీ ఇంజనీరమ్మ జీపులో వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, చేతిలో రిజిస్టరు నకళ్ళు.

"బాబాయ్, మీకో మంచి కబురు. పాత పంపు తీసేసి పెద్దది పెడుతున్నాం. ఇళ్ళు కోతకు పోయిన ఎనిమిది కుటుంబాలు వస్తున్నాయి. పిల్లలే పదకొండు మంది."

"ఇక్కడికా?"

"ఇక్కడికే. చుట్టుపక్కల తీరమంతా కోసుకుపోతుంటే మీ నడుము ఒక్కటే పద్దెనిమిదేళ్ళుగా యాభై తగ్గలేదు. ఆఫీసులో అందరూ దీన్ని గురించే చెప్పుకుంటున్నారు. వచ్చే పెద్ద పోటుకు నేనొచ్చి సంతకం పెడతాను, మరుసటి వారం వాళ్ళు దిగుతారు."

జీపు వెళ్ళాక మామకు ఏడుపొచ్చింది. చూసేవాళ్ళు లేరు గనక సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఆ పది రోజులూ ఆయన కాలు ఒకచోట నిలవలేదు. ఎనిమిది ఇళ్ళ గుమ్మాల్లో పేరుకున్న ఇసుక ఎత్తిపోశాడు, తుప్పు పట్టిన గడియలకు నూనె రాశాడు. పదకొండు మంది పిల్లలంటే బట్టలెన్ని ఆరేయాలి! ఇళ్ళ ముందు పొడుగ్గా దండెం కడదామని ఇంట్లో ఉన్న తాడు ముక్కలన్నీ పోగేశాడు. ట్రంకుపెట్టెకు కట్టింది, బొక్కెనకు వేసింది, తలుపు వెనక వేలాడేది, మంచం కింద చుట్టచుట్టి పెట్టినవి ఆరేడు. అన్నీ భార్య దాచినవే. ఆవిడ ఏదీ పారేసేది కాదు.

గుమ్మంలో కూర్చుని వాటిని ఒకదానికొకటి ముడేస్తుంటే ఆయన చెయ్యి ఆగింది. ప్రతి ముక్కలోనూ పేటల మధ్య ఒక నీలం పోగు ఉంది. నీలం పోగున్న తాడు కంపెనీ కొలతకు తప్ప ఇంకెందుకూ ఇవ్వదు.

అందులో వింత లేదులే అనుకున్నాడు ముందు. చిట్టెం అంచులకు ఒరుసుకుని కొలత తాడు ఏటా పీచు లేచేది. వానలు తగ్గాక ఆవిడే ఈ గుమ్మంలో కూర్చుని, పాడైనంత మేర కోసేసి, మిగతాది ముడేసి ఇచ్చేది. వరసంతా ఆవిణ్ని ముడులత్త అనే పిలిచేవాళ్ళు. కానీ ఈ ముక్కల్లో పీచు లేచినది ఒక్కటీ లేదు. చివరలు కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. మంచి తాడును మంచిదని తెలిసే కోసింది.

మామకు అప్పుడు లెక్క తట్టింది. తాడును పొట్టి చేస్తే గుడ్డముడులు దగ్గరవుతాయి. ముడులు దగ్గరైతే అదే నేల ఎక్కువ బారలొస్తుంది.

పద్దెనిమిదేళ్ళ కిందట కొలత యాభై ఒకటికి దిగిన సంగతి గుర్తొచ్చింది. ఇంకో బారన్నర తగ్గితే ఇళ్ళు ఖాళీ చేయాల్సిందేనని అప్పటి ఆఫీసరు చెప్పిపోయాడు. ఆ వారమంతా వరసలో ఎవరి పొయ్యీ సరిగ్గా వెలగలేదు. ఆ వానలు తగ్గాకే ఆవిడ మొదటిసారి తాడు బాగుచేసింది. తరవాతి కొలత యాభై మూడు! సముద్రం కరుణించిందని నలభై ఇళ్ళూ సంబరపడ్డాయి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆఫీసూ ఆ లెక్క నమ్మేసింది. ఆవిడ పోయాక మాత్రం కొలత మళ్ళీ రెండు బారలు తగ్గింది. సముద్రానికి కూడా మా ఆవిడంటే భయం ఉండేదని ఆయన పంపు మోటారుతో జోకు వేసేవాడు కూడా.

ఇంకొకటి గుర్తొచ్చింది. ఒక తుఫానుకు నీళ్ళు నడుము మీదుగా మోకాలి లోతున దాటిపోయాయి. యాభై రెండు బారలుందిగా, ఏం కాదని తనే పిల్లలకు ధైర్యం చెప్పాడు. ఆ రాత్రి ఎవరూ పోకపోవడం తన గొప్ప కాదు.

కోపం వచ్చింది. "ఎంత పని చేశావే!" అని ఖాళీ ఇంట్లోకి కేకేశాడు. ఆ వెంటనే కోపం ఎటో పోయింది. మనవాళ్ళంతా ఒక్కచోట ఉంటే అంతే చాలండీ, అనేది ఆవిడ. చెదిరిపోతారని భయపడింది. ఇప్పుడు ఆ భయం ఎంతటిదో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

నోరు మెదపకపోతే ఎనిమిది ఇళ్ళల్లో పొయ్యిలు వెలుగుతాయి, మళ్ళీ ఎవరో ఒకరు మామా అని పిలుస్తారు. రెండు రోజులు ఆ మాటే నమిలాడు. అన్నం సహించలేదు. మూడో రోజు దండెం విప్పేసి, కొలత తాడు గుడ్డముడులన్నీ ఊడదీశాడు. రెండు చేతులూ బార్లా చాపి, బార బారకూ కొత్తగా ఎర్రగుడ్డ కట్టాడు. ముక్కలను కూడా అలాగే కొలిచి చూశాడు. పన్నెండున్నర బారలొచ్చాయి.

పెద్ద పోటు రోజున ఇంజనీరమ్మ వచ్చేసరికి ఆయన నడుము దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అమ్మా, వాళ్ళను పంపకు. నా తాడు తప్పు."

ఆమె ముందు నవ్వింది. ఆయన తాడు ముక్కలు చేతికిచ్చాక నవ్వడం మానేసింది. నున్నటి చివర మీద వేలు పెట్టి చూసింది.

"ఎవరు కోశారు బాబాయ్?"

"కొలిచింది నేను, సంతకం నాది. ముప్ఫై ఏళ్ళు చేత్తో పట్టుకున్న తాడు పొట్టిదైతే నాకు తెలియొద్దూ? నా పేరే రాసుకో."

ఆమె చేతిలో ఉన్న కుటుంబాల పట్టీని మడిచి సంచిలో పెట్టేసింది. "యాభైకి తగ్గితే మీరు కూడా ఉండకూడదు. తెలుసుగా?"

"తెలుసమ్మా."

"ఎక్కడికి వెళ్తారు?"

ఆయన కొలత తాడు చుట్ట విప్పడం మొదలుపెట్టాడు. చోటంటూ ఉంటే కదా చెప్పడానికి.

"సరే. కొలత నా కళ్ళారా చూస్తేగానీ రాయలేను. మీరు ఒక్కరే ఎలా కొలుస్తున్నారు?"

"అటు కొస గుంజకు కట్టేసి వస్తాను, ఈ ఆరేళ్ళుగా. అంతకుముందు మా ఆవిడ పట్టుకునేది."

"నేను పట్టుకుంటాను, ఇలా ఇవ్వండి. తాడు బిగిసిందని మీకెలా తెలుస్తుంది? గాలికి మాట వినపడదు కదా."

"ఈ మాత్రం గాలికి కేకేస్తే వినపడుతుందిలే. కానీ బిగిశాక రెండుసార్లు గుంజాలి. అది మా పద్ధతి."

ఆమె చెప్పులు విప్పి సముద్రం వైపు వెళ్ళింది. ఆయన తాడు వదులుకుంటూ ఏటి వైపు నడిచాడు. ఇదివరకైతే ఈ పాటికి సగం దూరమే అనిపించేది, ఈరోజు పాదాలకు అప్పుడే నీళ్ళు తగిలాయి. వంగి తాడు కొసను నీటి అంచుకు పట్టుకున్నాడు. ఇసుక మీద వాలిన తాడు మెల్లగా పైకి లేచి బిగుసుకుంది.

రెండుసార్లు గుంజినట్టయింది.

మామ కదలలేదు. గుంజకు కట్టిన తాడు ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇలా పిలవలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి ఎర్రగుడ్డలు అలికినట్టయ్యాయి. తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఎంత బాబాయ్?" అవతలి నుంచి కేక.

"ముప్ఫై ఎనిమిదిన్నర!"

ఆమె ఒక చేత్తో తాడు పట్టుకునే, రెండో చేత్తో మోకాలి మీద రిజిస్టరు పెట్టుకుని రాసింది. రాయడం అయిపోయింది.

"ఇక వదిలెయ్యనా?"

"ఇంకాస్సేపు పట్టుకోమ్మా," అన్నాడు మామ.