ఏ శ్రమా చేయని మనిషి గీత

అయితే చెడిపోయింది బ్యాండేనన్నమాట, ఆయన అంచనా కాదు. పులుసులో మిసో అనే పులిసిన సోయా ముద్ద కలుపుతూ ఫుమియె అదే ఆలోచిస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొగుడు కురాతా అంచనా ఎన్నడూ తప్పలేదు. తప్పినవల్లా యంత్రాలు, వాతావరణం, రోడ్లు, అమ్మాయిల మనోబలం. ఇప్పుడు వాటి సరసన ఆమె మణికట్టు మీది నల్ల బ్యాండు కూడా చేరింది. కంపెనీ మహిళల పరుగు జట్టుకు కోచ్ అయిన మొగుడు పోయిన నెల దాన్ని తెచ్చాడు. పెళ్లాన్ని పేరుపెట్టి పిలిచే అలవాటు లేదు గనక, "ఓయ్, చెయ్యి ఇలా పెట్టు," అన్నాడు. గుండె ఎలా కొట్టుకుంటోంది, నిద్రలో ఒళ్లు ఎంత తేరుకుంది, అన్నీ అది కొలిచి గీతగా గీస్తుంది. జట్టులో అందరికీ కట్టాడు. కోచ్‌ల సభలో తన ఉపన్యాసానికి, ఆ అమ్మాయిల గీతల పక్కన చూపించడానికి, ఏ శ్రమా చేయని మనిషి గీత ఒకటి కావాలట. "ఇంట్లో ఉండేదానివేగా. నువ్వయితే సరిగ్గా సరిపోతావు."

సరిపోలేదు. మధ్యాహ్నం పడుకునేసరికి అమ్మాయిల గీతలు కిందికి దిగేవి, ఆమెది దిగేది కాదు. జట్టు ఉండే హాస్టలు మొత్తానికి వండి, బురద సాక్సులు ఉతికి, స్నానాల తొట్టి తోమి, మొగుడి చొక్కా ఇస్త్రీ చేసేవరకూ అది పైపైనే పాకేది. తెల్లవారి చూస్తే, ఒళ్లు తేరుకున్నదీ లేనిదీ చూపించే గడి రోజూ ఎర్రగానే ఉండేది. అది చూసి అతను తల గోక్కుని, "ఇది పాడైంది, తిప్పి పంపాలి," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఆమెను ఆశ్చర్యపరిచింది అదే. వెటకారం చేయాలన్నా ఎదుట ఒక మనిషి ఉందని తోచాలి కదా. భోజనాల గదిలో 'విశ్రాంతి శిక్షణలో సగం' అని అట్ట మీద రాసి అంటించింది అతనే. దాని కిందే నిలబడి, అతను చెప్పిన తూకానికి ఒక్కో గిన్నెలో అన్నం పెట్టేది ఆమె. ఆ పనికి జీతం ఇవ్వాలని కంపెనీ వాళ్లకి తోచలేదు, అడగవచ్చని ఆమెకీ చాలాకాలం తోచలేదు. "సైన్స్ చదివిన మొగుడమ్మా, నిన్నలా కూర్చోబెట్టి పోషిస్తున్నాడు," అంటుంది అత్తగారు ఫోనులో. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ముల్లంగి తురుముతూనే వింటుంది ఫుమియె.

వంటింటి గడప దగ్గర చప్పుడైంది. మినోరి. రేపటి రోడ్డు రిలేలో మూడో భాగం పరిగెత్తాల్సిన పిల్ల, గోడ పట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, కాస్త ఐసు ఇస్తారా?"

"మళ్లీ కాలేనా? ఇలా కూర్చో."

మోకాలి కింది ఎముక మీద ఫుమియె వేళ్లు జరుపుకుంటూ వచ్చింది. ఒక్కచోట ఆగేసరికి పిల్ల పెదవి కొరుక్కుంది. ఆ చోటు ఫుమియెకి తెలుసు. తన కాలిలోనూ సరిగ్గా అక్కడే.

"నెలసరి వస్తోందా?"

"ఎండాకాలం నుంచీ లేదు. ఒళ్లు పోటీకి సిద్ధమైందని అర్థమన్నారు కోచ్‌గారు." పిల్ల నవ్వబోయింది. "ఖర్చు కూడా తగ్గిందిగా అమ్మగారూ."

తను పరిగెత్తే రోజుల్లో, తన కోచ్‌గా అతను అన్న మాటే, అక్షరం మారలేదు. చదువు మారింది, పరికరాలు మారాయి, చెవి తమ్మెలోంచి రక్తపుచుక్క తీసి అలసట లెక్కకట్టే మిషను వచ్చింది, ఎత్తు కొండల మీది పలచని గాలి పుట్టించే గుడారం వచ్చింది. ఈ మాటను మాత్రం ఇన్నేళ్లూ భద్రంగా దాచుకున్నాడు మహానుభావుడు. నెలసరి ఆగిన ఒంట్లో ఎముక పలచబడుతుందని ఆమెకి చెప్పింది ఆస్పత్రి డాక్టరు, అదీ ఎముక విరిగాక. తనది విరిగింది పోటీ మధ్యలో. ఈ రిలేలో కర్రకి బదులు మెడలో వేసుకునే పట్టీని తర్వాతి అమ్మాయికి అందించకపోతే జట్టు మొత్తం పరుగు వృథా. అందుకని మోకాళ్ల మీద పాకింది. రోడ్డు మీద రక్తపు చారలు పడ్డాయి. పేపర్లు దాన్ని అందమన్నాయి. కురాతా దాన్ని ప్రేమకథ చేశాడు. ఎవరి పెళ్లికి పిలిచినా మైకు పట్టుకుని, "అలా పాకుతున్న దాన్ని చూసే, ఇదే నా భార్య అనుకున్నాను," అంటాడు. జనం కళ్లు తుడుచుకుంటారు. పాకే ఆడదాన్ని చూసి ముచ్చటపడ్డవాడు తర్వాత నడవనిస్తాడా అని ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా పక్కన కూర్చుని తల వంచి నవ్వింది, ప్రతిసారీ.

కురాతా అందరి కొలతలూ కనిపించే ట్యాబ్ పట్టుకుని లోపలికొచ్చాడు.

"మినోరి, అంతా పచ్చగా ఉంది నీది. భేష్."

"ఎముక నొప్పిగా ఉందంటోంది. ఎక్స్‌రే తీయించాలి," అంది ఫుమియె.

"రేపు పోటీ పెట్టుకునా? నిద్ర బాగుంది, గుండె బాగుంది. కొలతలు అబద్ధమాడవు."

"నావి ఆడాయిగా."

"నీది పాడైందని చెప్పానా లేదా." విసుగ్గా కూడా అనలేదు. "ఓయ్, నువ్వెలా పరిగెత్తావో దీనికి చెప్పు. వంద ఉపన్యాసాల పెట్టు." తక్కినవాళ్లను మెల్లగా పరిగెత్తించి తెస్తాననీ, వచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉండాలనీ చెప్పి, ఈల ఊదుకుంటూ వెళ్లిపోయాడు. జట్టు వ్యాను తాళాలు మేకుకి వేలాడుతున్నాయి.

మినోరి ఐసుసంచి అదుముకుంటూ అడిగింది. "మీరు పాకేటప్పుడు ఏమనుకున్నారు అమ్మగారూ? పట్టీ అందించాలి, అంతేనా?"

దానికి జవాబు అతనే ఇన్నేళ్లు చెప్పాడు, ఎంత బాగా చెప్పాడంటే ఆమె తనది మరిచిపోయింది. ఇప్పుడు వెతికితే అడుగున దొరికింది.

"ఎవరైనా వచ్చి ఆపుతారేమో అనుకున్నాను," అంది. "ఆపే అధికారం ఆయనకొక్కడికే ఉంది. కారులో పక్కనే వస్తున్నాడు. గడియారం చూసుకుంటున్నాడు."

గ్యాసు పొయ్యి మీద పెద్ద అన్నం గిన్నె అప్పుడే పొంగుకొచ్చి, మూత అంచున నురగ బుసబుసలాడుతోంది. ఈ హాస్టల్లో అడుగుపెట్టిన రోజు నుంచీ, జ్వరమొచ్చినా, తల్లి పోయినా, ఆ మంటని మధ్యలో ఆపి ఎరగదు ఆమె. సగంలో ఆపితే ఆ అన్నం మళ్లీ ఉడికించినా పలుకే, పారబోసుకోవాల్సిందే.

మణికట్టు మీద బ్యాండు వణికింది. విశ్రాంతి కావాలట. దాన్ని విప్పి, బల్ల మొదట్లో కురాతా కూర్చునే కుర్చీ చేతికి బిగించింది. ఏ శ్రమా చేయని గీత దాని దగ్గర తీసుకోవచ్చు.

"లే. నా భుజం పట్టుకో. ఆస్పత్రికి వెళ్దాం."

"మరి అన్నం?" అంది మినోరి.

ఫుమియె మేకు మీది తాళాలు అందుకుని, పొయ్యి దగ్గరికి వెళ్లి, సగం ఉడికిన అన్నం కింద మంట ఆపేసింది.